గోనె కట్టిన దౌత్య పెట్టె

"విరూపాక్షయ్యను ఎత్తుకుపోయారు."

1983 మార్చి. బెంగళూరు. మాటల విషయంలో గూఢచారి శాఖ చీఫ్ మహా పిసినారి. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ పంపాపతి సిగరెట్ వెలిగించబోయి ఆగిపోయాడు.

"జియాలజిస్ట్ విరూపాక్షయ్యేనా సార్?"

"ఆయనే. సండూరు కొండల్లో కొత్తగా కనిపెట్టిన అణు ఖనిజం ఎక్కడుందో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అందుకని మనిషినే దేశం దాటిస్తున్నారు. వెనకున్నది హెల్మర్. ఓ విదేశీ ఎంబసీలో సెకండ్ సెక్రటరీ."

"అరెస్ట్ చేసేద్దాం."

"ఈ మాట అనడానికేనా నిన్ను రెండేళ్ళు ధార్వాడలో ఎల్.ఎల్.ఎం. చదివించింది?"

పంపాపతి నాలిక కరుచుకున్నాడు. పబ్లిక్ ఇంటర్నేషనల్ లా! వియన్నా కన్వెన్షన్ ప్రకారం దౌత్యవేత్తను అరెస్ట్ చేయకూడదు. ఎంబసీ సీలున్న డిప్లొమాటిక్ బ్యాగ్‌ను తెరవకూడదు. పేరుకే బ్యాగ్. అది పెద్ద చెక్కపెట్టె అయినా కావచ్చు.

"సీలున్న పెట్టె మీద చెయ్యి వేశావంటే ఢిల్లీ నన్నూ నిన్నూ కలిపి ఉతుకుతుంది. చట్టం లోపలే పని కానివ్వు. బళ్ళారిలో నీ కాంటాక్ట్ ఎవరు?"

"పంకజాక్షి. నా క్లాస్‌మేట్. డిపార్ట్‌మెంట్‌కి నేనే తెచ్చాను. కళ్ళు మూసుకుని నమ్మొచ్చు సార్."

కళ్ళు మూసుకునే నమ్మాడు మహానుభావుడు!

బళ్ళారి కౌల్ బజార్‌లో పంకజాక్షి తండ్రిది పార్సిల్ ఆఫీసు. నల్ల కళ్ళద్దాలు, షిఫాన్ చీర, పెదవుల మీద సన్నటి నవ్వు. ఆమె కౌంటర్‌లో కూర్చుంటే పార్సిల్ లేనివాళ్ళు కూడా ఆగి రేటు అడిగిపోతారు.

"హోస్పేట బెల్లం వచ్చినాదా?" అన్నాడు పంపాపతి.

"వచ్చినాది గానీ చీమలు పట్టినాయి," అంది పంకజాక్షి.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ధార్వాడలో ఇద్దరికీ ఒకటే టెక్స్ట్‌బుక్. ఆమె క్లాజులు చదివేది, అతను అప్పజెప్పేవాడు, తప్పితే స్కేలుతో చేతి మీద ఒకటి తగిలేది. ఈ కేసు అయిపోగానే పెళ్ళి మాట అడగాలని అతను గట్టిగా అనుకున్నాడు.

"దోణిమలై కాడ పాత షెడ్డొకటి ఉండాది. ఆ విరూపాక్షయ్యను ఆడ దాచినారు," గుసగుసగా చెప్పింది. "లారీ క్లీనర్ వేషంలో పో. నువ్వు పోయే సంగతి నాకు తప్ప ఎవురికీ తెల్దు."

మర్నాడు పొద్దున్నే ఖాకీ నిక్కరు, తలకు తువ్వాలుతో షెడ్డులోకి అడుగుపెట్టాడు. లోపల ఎవరూ లేరు. వెనక నుంచి పిస్టల్ గొట్టం మెడకు తగిలింది.

"బెల్లానికి చీమలు పట్టినాయి కదప్పా!" ఎవడో పకపకా నవ్వాడు.

ఆ కోడ్ తెలిసినది ఇద్దరికే. ఒకరు తను, రెండోది పంకజాక్షి. పిస్టల్ కంటే ఆ మాటే ఎక్కువ భయపెట్టింది. కానీ ఏడ్చే టైమ్ లేదు. వంగి గుప్పెడు ఎర్రధూళి వాడి కళ్ళలో కొట్టాడు. పిస్టల్ లాక్కున్నాడు. చెయ్యి మెలిపెట్టాడు.

"విరూపాక్షయ్య యాడ?"

"అబ్బా! చెప్తా, చెప్తా! మందిచ్చి పెట్టెలో పెట్టినారు. మధ్యాహ్నం గుంతకల్లు రోడ్డు మీద పోతాండారు. ఆడ్నించి మద్రాసు... ఓడ!"

వాణ్ణి తాళ్ళతో కట్టేసి, ముడిఖనిజం లారీ ఒకటి ఆపి ఎక్కాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. 'ఎందుకు చేశావు పంకజా?'

గుంతకల్లు రోడ్డు చెక్‌పోస్ట్ దగ్గర జెండా కట్టిన ఎంబసీ కారు, దాని వెనక పార్సిల్ లారీ. కారు పక్కన తెల్ల సూటులో హెల్మర్. అతని పక్కన పంకజాక్షి. గేటు లేవబోతోంది.

"గేటు దించప్పా!" కేకేస్తూ లారీ మీంచి దూకాడు పంపాపతి.

ఇన్‌స్పెక్టర్ కెంచప్ప ఐడీ కార్డు చూసి సెల్యూట్ కొట్టాడు గానీ ముఖం మాడ్చుకున్నాడు. "ఎంబసీ సామాను సార్. ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతాది."

పంకజాక్షి కళ్ళద్దాలు తీయలేదు. "డిప్లొమాటిక్ బ్యాగ్ పంపాపతీ. మూత మీద సీలుండాది. చదువుకున్నోడివి, నీకు చెప్పల్లా?"

పంపాపతి లారీ ఎక్కాడు. చేతిగడియారాన్ని పెట్టెకు ఆనించాడు. గోడ అవతలి చప్పుడు పట్టే మైకు అందులో ఉంది. లబ్ డబ్... లబ్ డబ్... ప్రాణం ఉంది! కానీ చట్టం అలాగే ఉంది. ఏం చేయాలో తోచక పెట్టె వైపు చూశాడు.

పెట్టె చుట్టూ, మూత మీదా కొత్త గోనె. అడుగున మాత్రం ఉత్త చెక్కే. మూలమూలకూ బిగించి కుట్టిన పురికొస.

బళ్ళారిలో ఏ పార్సిలయినా గోనె కట్టకుండా లారీ ఎక్కదు. గనుల ధూళి అలాంటిది మరి! పార్సిల్ ఆఫీసులో పుట్టి పెరిగిన పిల్ల, దేశద్రోహం చేసేటప్పుడు కూడా పెట్టెను ఉత్తగా పంపలేకపోయింది.

"సీలు యాడుండాది?" అన్నాడు.

"గోనె కింద," అని, ఆ మాట పూర్తికాకముందే పంకజాక్షి తెల్లబోయింది.

"ఇరవై ఏడో ఆర్టికల్, నాలుగో క్లాజ్. బ్యాగ్ గుర్తు బయటికి కనపడి తీరల్ల. ఇప్పుడిది ఉత్త పార్సిల్. కెంచప్పా, గోనె ముట్టుకోకుండా పెట్టె ఒరిగించి అడుగు చెక్క ఊడపీకు!"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చాకు లాగి లారీ పైకి దూకింది. ఒక్క కుట్టు తెగి సీలు కనపడితే చాలు, కేసు మళ్ళీ మొదటికొస్తుంది. చాకు గోనెకు తగిలింది. పంపాపతి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అదే క్షణంలో కింద చెక్క ఫెళ్ళున ఊడింది. విరూపాక్షయ్య చెయ్యి బయటికి వేలాడింది. వేళ్ళు కదిలాయి.

"ఈవిడెవరో నాకు తెలియదు. ఆ పార్సిల్ ఆమెదే," అన్నాడు హెల్మర్ ఇంగ్లీషులో, తడుముకోకుండా. కారెక్కాడు. మహా అయితే దేశం నుంచి పంపేస్తారు, అంతే. కారు వెళ్ళిపోయింది.

పంకజాక్షి దుమ్ము వైపు చూస్తూ నిలబడింది.

"ఎంబసీలో ఉద్యోగమిస్తా, ఇమ్యూనిటీ ఉంటాది, ఎవురూ అరెస్ట్ చేయలేరన్నాడు."

"ఈ దేశపోళ్ళను ఈ దేశంలో ఆ ఇమ్యూనిటీ కాపాడుతాదా పంకజా? అంత చదివి ఎట్ల నమ్మినావు?"

"నువ్వు నన్ను నమ్మలేదా? అట్లే." కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "క్లాసులో ఫస్ట్ నేను, ఏజెంట్ నువ్వు. నాకేమిచ్చినావు? వార్తలు మోసే పని!"

పంపాపతికి గుండె మండిపోతున్నా, ఆ మాట నిజమేనని తెలుసు.

కెంచప్ప బేడీలు తెచ్చాడు. చేతులు చాస్తూ అడిగింది: "కోర్టులో నా పక్క మాట్లాడేకి ఈ లా తెలిసినోళ్ళు బళ్ళారిలో ఎవురుండారప్పా?"

"మనిద్దరమే."

"అయితే వస్తావా?"

"వస్తా," అన్నాడు పంపాపతి. "సాక్షిగా."