గొంతు అప్పగింత

నూకరత్నం మైకు నోటి దగ్గర పెట్టుకుని, "మావా! ఓ మావా!" అని మళ్లీ పిలిచింది. ఇంటిపడవ కప్పు మీది నాలుగు స్పీకర్లూ గరగరమన్నాయి. అందులో ఒకటి తోక తొక్కిన పిల్లిలా కీచుమంది. ఆ వెంటనే కిందున్న యాంప్లిఫయర్ ఎర్రదీపం వెలిగించుకుని మూగబోయింది. చంకలోని చంటిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"నువ్వొకదానివి నా ప్రాణానికి!" అని కసిరింది నూకరత్నం. కసురుతూనే దాని వీపు నిమిరింది.

చుట్టూ మంచు. మంచులోంచి పడవలపేట ఆడవాళ్ల పిలుపులు ఒకదాని మీదొకటి వస్తున్నాయి. పొద్దు వాలే వేళకు వేటకెళ్లిన మగవాళ్లను ఇలా పిలవడం అక్కడ పొయ్యి వెలిగించడమంత మామూలు పని. గోదావరి మొగ దగ్గరి ఊళ్లన్నీ సముద్రంలో కలిశాక ఇళ్లు పడవలయ్యాయి. గుర్తుపట్టడానికి ఒడ్డూ లేదు, దీపస్తంభమూ లేదు. దారి చూపే ఉపగ్రహాలు సూర్యుడి తుఫానుకు గుడ్డివైపోయాయి. అప్పుడొచ్చింది చెవిచుక్కాని. వేటపడవ ముక్కున కూర్చుని, మైళ్ల దూరం నుంచి ఒక్క గొంతును మాత్రం ఏరుకుని, పడవను తనంతట తానే దానివైపు నడిపిస్తుంది. ఆ గొంతు ఆ ఇంటి ఇల్లాలిది. అందుకే పెళ్లిలో తలంబ్రాలయ్యాక గొంతు అప్పగింత ఉంటుంది. పెళ్లికూతురు యంత్రం ముందు కూర్చుని అందరూ వింటుండగా మొగుణ్ణి పిలుస్తుంది. ఆ గొంతుముద్ర జన్మకొక్కటే.

నూకరత్నం జాడపలక వైపు చూసింది. చెవిచుక్కాని నీళ్లలోకి వదిలే టిక్కుటిక్కులను పట్టి, పడవ ఎంత దూరంలో ఉందో చూపించే పలక అది. కొన్నాళ్లుగా ఆలస్యంగా ఇల్లు చేరుతున్న మొగుడు లోవరాజు పడవ చుక్క, ఇవాళ ఆమె పిలుపు మొదలెట్టినప్పట్నుంచీ ఇసుకతిప్ప అవతల గానుగెద్దులా తిరుగుతోంది. పోటు తీసి పాటు మొదలైంది. బ్యాటరీ అయిపోతే, నీరు తీసి పైకి తేలుతున్న తిప్పమీదికి అలలు పడవను నెట్టేస్తాయి. ఆ తిప్ప మీద ఎక్కిన పడవ ముక్కలు కాకుండా దిగిరాలేదు.

"వచ్చానమ్మా, వచ్చాను," అంటూ మస్తాన్ తన దోనె కట్టేసి పైకెక్కాడు. పేటలో సౌండు పెట్టెల కొట్టు అతనిది. చేతిలో కొత్త యాంప్లిఫయరుంది.

"వచ్చావా మహానుభావా! వెయ్యి వాట్లని అంతేసి అక్షరాలేసున్న పెట్టె అంటగట్టావు. ఏదీ ఆ వెయ్యి? చేపలెత్తుకుపోయాయా?"

"అది ఒక్క క్షణం ఎగిరి దూకే లెక్కమ్మా. నిలకడగా ఇచ్చేది నలభయ్యే. నీ స్పీకరు ఒక్కోటీ అరవై తీసుకునే రకం. చాలని పెట్టెను నువ్వు గొంతుచించుకుని తోలితే గరగరమనక ఏం చేస్తుంది?"

"ఇచ్చేటప్పుడు ఈ కబుర్లన్నీ ఎక్కడ పెట్టావు బాబాయ్?"

"స్పీకర్లేవో చెప్పావా నువ్వు? 'పెద్దది పంపించు' అని కబురెట్టావు. పెద్ద అంకె ఉన్నది పంపించా." అతను కప్పు మీదికి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి లోవరాజూ! వలకి సీసపు గుళ్లు కట్టినట్టు రెండేసి స్పీకర్లు కలిపి ఒకే తీగకి ముడేశాడు తల్లీ మీ ఆయన. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు అలా జంట కడితే పెట్టెకి రెండే ఓమ్‌లు కనబడతాయి. మోయలేక వేడెక్కి ఆరిపోద్ది."

"ఓమ్‌లేంటో నాకేం తెలుసు? నా బడి ఏడో తరగతిలోనే మునిగిపోయింది. నాకు మావ రావాలంతే. తొందరగా కానీ!"

మస్తాన్ జంటలు విడదీశాడు. ఒక్కో స్పీకరుకు ఒక్కో దారి ఇచ్చాడు. కొత్త పెట్టె ఒక్కోదారికీ నిలకడగా డెబ్బయ్యైదు వాట్లు, అదీ నాలుగు ఓమ్‌ల మీద ఇచ్చేది. "స్పీకరు కన్నా పెట్టెకి కాస్త ఎక్కువే ఉండాలి. అప్పుడే గొంతు చీలదు. పిలువిక."

"మావా! ఓ మావా! ఇటు రా!"

గరగర లేదు, కీచు లేదు. తన గొంతు అంత స్పష్టంగా నీళ్ల మీదుగా సాగిపోవడం ఆమె ఎప్పుడూ వినలేదు. జాడపలక మీద చుక్క తిరగడం ఆపింది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తిన్నగా, వేగంగా, సముద్రంలోకి బయల్దేరింది.

"అటెక్కడికి! బాబాయ్, అటెళ్తోందేంటి?" ఆమె ఇంకా గట్టిగా పిలిచింది. పిలిచేకొద్దీ చుక్క పారిపోతోంది.

మస్తాన్ మొహం పాలిపోయింది. "ఆపమ్మా! పిలవకు!"

"ఏం? ఇప్పుడేం రోగం నీ పెట్టెకి?"

"పెట్టెకి కాదు తల్లీ. దొంగలు దొంగపిలుపులతో పడవల్ని తిప్పెక్కిస్తున్నారని, పేటలో ఏ ముద్రకీ కలవని గొంతు వింటే పారిపొమ్మని యంత్రానికి నేర్పారు. ఇందాకటిదాకా గరగరలో ఎవరో తేల్చుకోలేక తిరిగింది. ఇప్పుడు తేల్చుకుంది. నువ్వు నువ్వు కాదంటోంది."

నూకరత్నం మైకు వైపు వెర్రిగా చూసింది. పెళ్లిపందిట్లో తల వంచుకుని, సిగ్గుతో సగం మింగేసి 'మావా' అంది. గట్టిగా అనవే అని అత్త నవ్వింది కూడా. ఆ తర్వాత కాన్పు, పిల్లకి గురక జబ్బు, నిద్రలేని రాత్రుళ్లు, జోలలు, గాలికి ఎదురు అరుపులు. ఆ సన్నటి గొంతు కోసం లోపలంతా వెతికి ఒకసారి "మావా" అని చూసింది. జీరగా, బరువుగా వచ్చింది.

"రేపు గొంతుముద్రల సర్కారు ఆఫీసులో చెబుదాం," అన్నాడు మస్తాన్ నసుగుతూ.

"రేపా? పిల్లకి తండ్రెవడని చెప్పను రేపు?" ఆమె అతన్ని పక్కకు నెట్టి మైకు లాక్కుంది. ఈసారి పిలవలేదు. తిట్టింది. "మావా! అది వినేది మానెయ్, నువ్విను! నీకు చెవుల్లేవా? ఆ దిక్కుమాలిన చుక్కాని పగలగొట్టు! పగలగొట్టి ఇటు రా!"

"అమ్మో! సర్కారు సీలేసిన సామానది!"

ఆమె ఆపలేదు. తిడుతూ, ఏడుస్తూ, అదే మాట అంటూనే ఉంది. పలక మీద చుక్క టక్కున మాయమైంది. పగిలింది చుక్కానో, పడవో తెలిసే దారి లేదు. మస్తాన్ తలపాగా తీసి చేతిలో నలుపుకుంటూ కూర్చున్నాడు. పక్క పడవల పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మంచంతా ఆమె ఒక్కదాని అరుపే.

చీకటి పడబోతుండగా మంచులోంచి తెడ్డు చప్పుడు వచ్చింది. లోవరాజు తడిసి ముద్దై, అరచేతులు రక్తాలోడుతూ ఇంటిపడవ అంచు పట్టుకున్నాడు. నూకరత్నాన్ని, పిల్లను పైనుంచి కిందికి చూసుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"మీకేం కాలేదు గదా? చాల్లే. ఎవరే ఇందాకట్నుంచీ పిలుస్తోంది? ఎవరో పెద్దావిడ, యంత్రం పగలగొట్టమని ఒకటే గోల. నీకేదో అయ్యింది, అందుకే పక్కవాళ్లు పిలుస్తున్నారని పగలగొట్టేసి వచ్చా. ఎవరావిడ?"

మస్తాన్ నూకరత్నం వైపు చూశాడు.

నేనే అని చెప్పడానికి నూకరత్నం మళ్లీ మైకు అందుకుంది.