పదకొండు ఊఁలు

ఆ ఉదయం దారా కెజియా పెసరట్టు తింటూ ఉండగానే ఆమె చేతులు మూడు ఊళ్ళలో గిటారు వాయించేశాయి. విజయనగరంలో ఒక పెళ్ళిపాటకి, చెన్నైలో ఒక సినిమాకి, ఇంకెక్కడో ఎవరో కుర్రగాయకుడి తొలి ఆల్బంలో అతిథిగా. ఇందులో వింతేమీ లేదు. కరఛాయ వచ్చి పన్నెండేళ్ళయింది. వేళ్ళ బరువు, తీగ మీద జారే తీరు, తప్పు పడబోయి సర్దుకునే అలవాటుతో సహా ఒకసారి ఎక్కించుకున్నారంటే ఇక మనిషితో పని లేదు, ఛాయ వెళ్ళి వాయించి వస్తుంది. మనిషి చెయ్యవలసిందల్లా ఒప్పుకోవడమే. ఒప్పుకున్నాడో లేదో కనిపెట్టడానికి ప్రతి ఫోనులోనూ ఒక సమ్మతిచెవి పెట్టారు. సంతకాలూ కాగితాలూ పోయాయి, నోటిమాట చాలు. మనది మాట మీద నిలబడే జాతి అని చప్పట్లు కొట్టుకుని మరీ చట్టం చేశారు మహానుభావులు.

కాకినాడ మెయిన్ రోడ్డులోని ఆ హోటల్లో గోడలు పాడతాయి. అప్పుడే ఒక కొత్త పాట మొదలైంది. రెండో చరణానికల్లా కెజియా చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. అది వాళ్ళన్న కట్టిన పాట. పాట అయిపోగానే గోడ చెప్పింది: "ఉప్పుగాలి ఆల్బం నుంచి. స్వరకల్పన, గానం ప్రణవేశ్. గిటారు, అతిథి కళాకారిణి దారా కెజియా."

"నేనా?" అంది పైకే.

"మీరేనండి! ఇందాకే వచ్చిన పాటండి. ఎంత బాగా వాయించారండీ మేడం," అన్నాడు సాంబారు తెచ్చినతను.

వాళ్ళన్న జెకర్యా ఓడరేవులో క్రేన్ల మెకానిక్కు. పేరున్న మనిషి కాదు. చివరి రెండేళ్ళు మంచం మీద ఉండి, గిటారు పొట్ట మీద పెట్టుకుని ఆ ఒక్క పాటా కట్టాడు. పలకరించడానికి వచ్చే కుర్రగాయకుడు ఈ ప్రణవేశ్ పక్కన కూర్చుని విన్నాడు, మెచ్చుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. జెకర్యా పోయిన ఏడాదికి ఆ పాట తనదేనన్నాడు. పైగా అందులో అతిథిగా వాయించమని కెజియానే అడిగాడు, ఎంత తెగింపో చూడండి! మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఆమె మొహం మీదే కాదంది. సొంత చెల్లెలే పక్కన నిలబడి వాయించాక ఇక దొంగతనం ఎక్కడిది? ఎవరు నమ్ముతారు?

చెయ్యి కడుక్కునేలోపే వదిన సలోమి నుంచి కబురు వచ్చింది. "బాగా వాయించావమ్మా. మీ అన్న ఉంటే మురిసిపోయేవాడు." వెంటనే చేస్తే ఫోను కట్టేసి ఉంది. లోకమంతా ఏమనుకున్నా కెజియా భరించగలదు. జెకర్యా పోయిన రోజున తనతో పాటు అదే గదిలో గోడకి తల కొట్టుకున్న మనిషి, తన చెయ్యి దొంగకి అప్పిచ్చిందని నమ్మితే ఎలా భరిస్తుంది?

తిన్నగా సమ్మతి కార్యాలయానికి వెళ్ళింది. భానోజీ అనే అధికారి ఆమె పేరు చూసి, మర్యాదగా కుర్చీ చూపించాడు.

"మీరు ఒప్పుకున్నారండి. ఒకసారి కాదు, పదకొండుసార్లు."

"ఎవరితో చెబుతున్నారు? చచ్చినా ఒప్పుకోనని మూడుసార్లు చెప్పాను."

"అవి ఫోను దగ్గర లేనప్పుడు ఎదురుగా చెప్పినవండి. చెవికి తెలీదు. ఇది వినండి."

అది రెండు నెలల కిందటి ఫోను. ప్రణవేశ్ ఏడుస్తున్నాడు. "జెకర్యా అన్న నాకు కల్లోకొస్తున్నాడక్కా." "ఊఁ," అంది కెజియా గొంతు. "ఆ పాట నువ్వు వాయిస్తే అన్న వాయించినట్టే ఉంటుందక్కా." "ఊఁ." "నీ చెయ్యి లేకపోతే ఆల్బం ఎందుకక్కా?" "ఊఁ." అలా నలభై నిమిషాలు.

కెజియా చెవులు వేడెక్కిపోయాయి. "ఊఁ అంటే వింటున్నానని! ఏడుస్తున్న మనిషి చెబుతుంటే ఊఁ కొట్టక ఏం కొడతారండీ? లెంపకాయ కొట్టమంటారా?"

"ఆయ్, నిజమేనండి. కానీ చెవి పదకోశంలో ఊఁ అంటే అంగీకారం, ఊహూఁ అంటే నిరాకరణ. మీరు ఒక్క ఊహూఁ కూడా అనలేదు."

"ఇప్పుడు మీరు ఆయ్ అన్నారు. అంటే నా మాట ఒప్పేసుకున్నట్టేగా?"

భానోజీ గబుక్కున తన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అది మర్యాదకండి..."

"నాదీ మర్యాదే! ఈ చెవిని చేసినవాళ్ళు ఏ దేశంవాళ్ళండీ? వాళ్ళ అమ్మ కథ చెబితే ఊఁ కొట్టకుండానే నిద్రపోయారా?"

"మనవాళ్ళేనండి. కొట్టే ఉంటారు. కానీ పదకోశంలో ఒక మాటకి ఒకే గడి ఉందండి."

ఒకే గడి అట! అమ్మ చెప్పే కథకీ, పక్కింటావిడ గోడుకీ, పెళ్ళిచూపుల్లో సిగ్గుకీ ఒకే ఊఁతో బతికిన జాతికి ఒకే గడి.

ఫిర్యాదు రాసుకున్నాక భానోజీ పద్ధతి చెప్పాడు. ముప్పై రోజులు చెవి ఆమె ఫోనులన్నీ వింటుంది. ఫోను కట్టెయ్యకూడదు. తర్వాత విచారణ. సాక్షి ఒకరు కావాలి.

"మా వదిన సలోమి. నా ఊఁ ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

"అయితే విచారణ దాకా ఈ సంగతేదీ ఆవిడతో అనకూడదండి. అంటే సాక్ష్యం చెల్లదు. నన్నడిగితే ఈ ముప్పై రోజులూ మీరు ఊఁ జోలికే పోకండి. పొరపాటున ఏ ఒప్పుకోలు దగ్గరో పడిందంటే కేసు పోతుంది."

కెజియా అలాగే చేసింది. కూరలవాడు ఫోను చేస్తే "అవును", "వద్దు" అంది. స్నేహితురాలు కూతురి విడాకుల గురించి చెప్పుకుంటుంటే పెదవి కొరుక్కుని కూర్చుంది. ఆ స్నేహితురాలు మళ్ళీ ఫోను చెయ్యలేదు. ప్రణవేశ్ మాత్రం కృతజ్ఞతలంటూ పూలగుత్తి పంపించాడు. దాన్ని వీధిలోకి విసిరికొట్టింది.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం సలోమి తనే ఫోను చేసింది.

"నీతో మాట్లాడకూడదనే అనుకున్నానే. కానీ ఇది ఇంకెవరికి చెప్పుకోను? మీ అన్న పోయిన రోజు పొద్దున్న నర్సు బయటికెళ్ళింది. నన్ను దగ్గరికి రమ్మన్నాడు."

కెజియా చున్నీ చివర నోట్లో కుక్కుకుంది.

"నా చెయ్యి పట్టుకున్నాడు. వింటున్నావా?"

"వింటున్నాను వదినా."

"అదేం మాటే, ఆఫీసువాళ్ళలా? ఆ పాట గురించి నాతో ఒక మాటన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు..."

అక్కడ ఆగింది. ఎవరైనా అక్కడే ఆగుతారు. అవతల నుంచి ఒక్క ఊఁ పడితే గాని తర్వాతి మాట గొంతు దాటి రాదు. కెజియా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు. ఇంకో ఎనిమిది రోజులు, ఎనిమిది రోజులు ఓర్చుకుంటే అన్న పాట నిలబడుతుంది.

"ఊఁ అనడానిక్కూడా బరువైపోయానా నీకు?" అంది సలోమి. పెట్టేసింది.

కెజియా ఫోనుని గోడకేసి కొట్టింది. మళ్ళీ తనే వెళ్ళి తీసుకుని, పనిచేస్తోందో లేదోనని తిప్పి చూసుకుంది.

విచారణ రోజున సలోమి బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది. విచారణాధికారిణి అడిగింది: "ఎదుటివాళ్ళ మాట వింటూ ఊఁ అనే అలవాటు ఈమెకి ఉందా?"

సలోమి ఆడబిడ్డ వైపు చూసింది. "ఉండేదండి. ఇప్పుడు లేదు. పోయిన వారం నా మొగుడి చావు గురించి చెప్పుకుంటుంటే నోరు మెదపలేదు. ఒట్టేసి అబద్ధం చెప్పలేను."

"చెవి నమోదు కూడా అదే చెబుతోంది. ముప్పై రోజుల్లో వినికిడి ఊఁ ఒక్కటీ లేదు. కాబట్టి ఆ పదకొండూ అంగీకారాలే. ఆల్బంలో పేరు ఉంటుంది."

కెజియా లేచి నిలబడింది. "నోరు మూసుకోమన్నది మీరు! మూసుకుంటే అలవాటే లేదంటున్నదీ మీరు! చెప్పవయ్యా భానోజీ, వద్దన్నది నువ్వు కాదూ?"

"సలహా అన్నానండి. నిబంధన అనలేదు," అన్నాడు భానోజీ, తల ఎత్తకుండా.

సలోమి ఆమె జబ్బ పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. "ఇందుకా ఆ రోజు ఊఁ అనలేదు?"

"ఇందుకే వదినా. అన్న పాట వాడి పాలు కాకూడదని."

సలోమి మొహం మెత్తబడలేదు సరికదా, ఎర్రబడింది. "పాట పోతే పోయేది! ఆ దొంగవెధవ పాడుకుంటూ ఊరేగేవాడు, మనకేంటి? ఆ పూట నువ్వొక్క ఊఁ అనుంటే నాకు చాలేది కదే! ఏడాదికి పైగా ఆ మాట ఒక్కదాన్నీ మోస్తున్నాను."

"ఇప్పుడు చెప్పు వదినా. అన్న ఏమన్నాడు?"

సలోమి నోరు తెరిచింది. ఆ క్షణంలో కెజియా చూపు తనకి తెలియకుండానే చేతిలోని ఫోను మీదికి పోయి వచ్చింది. నెలరోజుల భయం, ఏం చేస్తుంది? సలోమి అది చూసింది.

"తర్వాత చెబుతాలే," అని కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. సలోమి వానల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ చెబుతుంది. ఆ మాట మాత్రం చెప్పలేదు.