సీతాలు బొటనవేలు

నేను నేరశాస్త్రం చదువుతున్నానంటే మా నర్సీపట్నంలో సగం మంది దొంగతనాలు నేర్పే చదువనుకునేవారు. మా నాన్నగారు రామనాథం మాస్టారు మాత్రం కనబడ్డవాడికల్లా చెప్పేవారు, "మా యాజులు వేలిముద్ర చూసి మనిషిని చెప్పేస్తాడండీ" అని. ఆ గొప్ప నాకూ తలకెక్కింది. 1984 దసరా సెలవులకి యూనివర్సిటీ నుంచి వస్తూ సిరా పలక, రోలరు, భూతద్దం మోసుకొచ్చాను. ఎవరడిగారు నన్ను?

ఆ వారమే మాకవరపాలెం వైపు ఏటిలో ఆడమనిషి శవం తేలింది. ముఖం చేపలు కొట్టేశాయి. వైజాగ్ నుంచి ముద్రల నిపుణుడు రావాలంటే నాలుగు రోజులు పడుతుంది, శవం అన్నాళ్లు ఆగదు. ఎస్సైగారు నాన్నగారిని అడిగారు. నాన్నగారు నన్ను పంపించేశారు.

శవాల గది బయట మెట్టు మీద ఒక ముసలామె కూర్చునుంది. పేరు అప్పయ్యమ్మ. పాయకరావుపేట అవతల సముద్రపొడ్డు ఊరు వాళ్లది, మా సంతకి ఎండుచేపలు తెచ్చి అమ్ముతుంది. కూతురు సీతాలు కనబడక తొమ్మిది రోజులైంది. ఇళ్లస్థలం దరఖాస్తు మీద కూతురు వేసిన ఎడమ బొటనవేలి ముద్ర ఉందని, ఆ కాగితం కొంగులో చుట్టి తెచ్చింది.

"అదైతే నా సేత్తో మట్టేసుకుంతాను బాబూ. కాదంటే మల్లీ ఎదుక్కుంతాను. ఏదో ఒకటి బేగి సెప్పండి" అంది.

లోపల మిట్టమధ్యాహ్నమే చీకటి. ఫినాయిలు వాసన, దాని కింద ఇంకో వాసన... కుళ్లిన అరటిపండ్ల వాసన లాంటిది, తియ్యగా ఉంది. ఛీ! జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

నీళ్లలో నానిన శవానికి చేతితోలు ఊడొచ్చేస్తుంది. దాన్ని స్పిరిట్‌లో కడిగి, మన వేలికి తొడుక్కుని, సిరా రాసి కాగితం మీద దొర్లించాలి. అదీ పద్ధతి. క్లాసులో శుభ్రంగా నోట్సు రాసుకుని కింద గీత కూడా గీశాను. అక్కడ పనిచేసే సింగన్న శవం ఎడమ బొటనవేలి తోలుని గిన్నెలో వేసి నా ముందు పెట్టాడు. తెల్లగా, ముడతలు పడి, గోరుతో సహా ఉంది.

"తొడుక్కోండి బాబూ. నాను బయట బీడీ కాల్సుకుంతాను" అని వెళ్లిపోయాడు.

రబ్బరు తొడుగు చిరిగిపోయింది. నా ఎడమ బొటనవేలికి ఒట్టిగానే ఎక్కించాను. సగం దాకా వెళ్లింది. చల్లగా, జిగురుగా... లోపల ఏదో నా గోటిని చప్పరించినట్టయింది. పీకి పారేసి మూలకి వెళ్లి కక్కుకున్నాను.

మళ్లీ ముట్టుకోవడం నా వల్ల కాలేదు. బయట ఎస్సైగారున్నారు. నాన్నగారి పరువుంది. అంతే, నా సొంత బొటనవేలికి సిరా రాసుకుని కార్డు మీద నొక్కేశాను. ఎంత నీచుణ్ణో చూడండి, నొక్కాక ఆరడానికి ఊదాను కూడా. ముసలామె తెచ్చిన కాగితంతో పోల్చినట్టు నటించి, "పోలిక లేదండీ" అన్నాను.

అప్పయ్యమ్మ నా కాళ్ల మీద పడిపోయింది. "నా పిల్ల బతికే ఉందన్నమాట!" అని ఏడుస్తూ నవ్వింది. దిక్కులేని శవమని దాన్ని సాయంత్రమే పాతిపెట్టారు. తోలుని మాత్రం సింగన్న సీసాలో వేసి, చదువుకి పనికొస్తుందని నా సంచిలో పెట్టాడు.

అయిదో రోజు అమ్మ పెరుగు గిన్నె వాసన చూసి ముఖం తిప్పుకుంది.

"ఏం ముట్టుకొచ్చావురా? చేపల కంపు!"

రాత్రి పాలు తోడుపెట్టింది నేనే. నా ఎడమ బొటనవేలు చూసుకున్నాను. తెల్లగా నానిపోయి ఉంది. సబ్బు పెట్టి తోమాను. తోలు కదిలింది. ఇంకాస్త తోమాను... మొత్తం ఊడి బకెట్లో పడింది. నొప్పి లేదు. రక్తం లేదు. కింద ఇంకో తోలుంది. నాది కాదు.

సంచిలో సీసా తీశాను. మూత బిగించే ఉంది. లోపల ఏమీ లేదు.

ఆ వేలికి సిరా రాసి కార్డు మీద నొక్కాను. ఆ రోజు ఎస్సైగారు తీయించిన ముసలామె కాగితం నకలు నా సంచిలోనే ఉంది. భూతద్దం పెట్టాను. ఒక్కో గీత... ఒక్కో చీలిక... పన్నెండు చోట్ల సరిపోయింది, అంతకంటే రుజువు అక్కర్లేదు. పదమూడోది చూడలేదు.

సంత రోజు పొద్దున్నే అప్పయ్యమ్మ మా వీధరుగు ముందు గంప దించింది. కూతుర్ని వెతుక్కుంటూ అనకాపల్లి దాకా వెళ్లొచ్చిందట. నిజం చెప్పేద్దామనే బయటికొచ్చాను. ఒట్టు, చెప్పేద్దామనే.

"అమ్మా, ఆ రోజు..."

 చెయ్యి వెనక దాచుకున్నాను. ఆమె గాలి పీల్చింది. లేచి వచ్చి, నా వెనక్కి వెళ్లి, నా ఎడమ చెయ్యి పట్టుకుంది. బొటనవేలిని తన వేళ్లతో మెల్లగా నిమిరింది, మళ్లీ మళ్లీ.

నా చెయ్యి ఆమె వేలు చుట్టూ ముడుచుకుంది. చంటిపిల్ల పట్టుకున్నట్టు గట్టిగా. నేను ముడవలేదు. విప్పుదామంటే రాలేదు.

ఆమె ఏడవలేదు. నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా అడిగింది.

"సెయ్యి దొరికింది... మిగతాదాన్ని ఏటి సేసేసినావు బాబూ?"

 వాన లేదు, అయినా అరుగంతా తడిసింది. తలొంచి చూశాను. నా రెండు పాదాలూ తెల్లగా నానిపోయి ఉన్నాయి.