నల్లకోతికి శనివారం ప్రసాదం

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే భాగ్యమ్మ పశువుల దవాఖాన వెనక్కి పరుగెత్తింది. ఒడిలో నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క ఉన్నాయి.

"దా సామీ, దా" అని మెల్లగా పిలిచింది.

నల్లకోతి ఇనుప జాలీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. దానికి తెల్లటి గడ్డం, నుదుట అడ్డంగా తెల్లటి గీత. "నామం పెట్టుకున్న ఆంజనేయస్వామే గదనే!" అంది నాయనమ్మ బుచ్చమ్మ, దాన్ని మొదటిసారి చూసినప్పుడు. ఆ మాట భాగ్యమ్మ మనసులో నాటుకుపోయింది.

ఇది 1975 నాటి సంగతి. అప్పుడు మాదాపూర్ అంటే బండలు, జొన్నచేలు. ఒక సర్కస్ కంపెనీ లింగంపల్లి స్టేషన్లో ఈ నల్లకోతితో కలిపి మూడు ఆఫ్రికా కోతుల్ని గొలుసులతో సహా వదిలేసి పోతే, డాక్టర్ పట్టాభిరామయ్య గారు ఈ దవాఖానకు తెచ్చారు. వాటి జాతి అడవుల్లో తగ్గిపోతోందట. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరూ చేత్తో తిండి పెట్టకూడదు. పళ్లు, చిగుళ్లు కొమ్మల్లో దాచాలి. అవే వెతుక్కోవాలి.

భాగ్యమ్మ నాయన నర్సింహ అక్కడే పని చేస్తాడు కాబట్టి ఆ నియమం ఆమెకూ తెలుసు. కానీ దేవుడికి పెట్టేది తిండి ఎట్లా అవుతుంది? మొదట శనివారం మాత్రమే పెట్టింది. తర్వాత రోజూ. ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదంటేనే, తప్పని మనసులో ఎక్కడో తెలుసన్నమాట.

అంతలో గోడ అవతల మాటలు వినిపించాయి.

"నర్సింహా, పక్క గదిలో మిగతా రెండూ కలిసిపోయాయి. రోజూ ఈ వేళకు వాటి గది తలుపు తీసిపెడుతున్నా ఇది జాలీ వదలదు. రేపు కూడా వెళ్లకపోతే ఆ రెంటినే జూకి పంపిస్తాను."

"ఇది ఒక్కటే బతుకుతదా సార్?"

"కష్టమయ్యా. తోడు లేకపోతే దిగులుతో తిండి మానేస్తుంది."

భాగ్యమ్మ పారిపోదామనుకుంది. కాళ్లు మాత్రం డాక్టరు గారి ముందుకే తీసుకుపోయాయి.

"సార్, నేనే... రోజూ శనగలు పెడుతున్న. తిండి కాదు సార్, ప్రసాదం."

నర్సింహ చెయ్యి ఎత్తాడు. డాక్టరు గారు ఆపారు.

"ప్రేమతోనే పెట్టావమ్మా. కానీ అది నీ కోసమే ఇక్కడ కూర్చుంటోంది. సాయంత్రం నువ్వు ఇంటికి పోతావు. చలేస్తే దాని పక్కన పడుకునేదెవరు?"

భాగ్యమ్మకు ఏడుపు ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం వట్టి చేతులతో వచ్చి, కోతికి కనపడకుండా గోడ చాటున కూర్చుంది. జాలీ గడగడా ఊగింది. కోతి అరిచింది. అది తనకోసమేనని భాగ్యమ్మకు తెలుసు. చెవులు గట్టిగా మూసుకుంది.

చాలాసేపటికి నర్సింహ ఉరుక్కుంటూ వచ్చాడు.

"పోయింది బిడ్డా! ఆ గదిలకు పోయింది. పెద్దది దాని మెడ మీద పేలు చూస్తున్నది. దా, జర చూద్దువు!"

భాగ్యమ్మ లేచి రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

"వద్దు నాయినా. నన్ను చూస్తే మళ్ల జాలీ కాడికొస్తది."

కళ్లు తుడుచుకుని, వెనక్కి చూడకుండా బడి వైపు నడిచింది.