నూట అరవై ముద్ర

"నాలుగు స్టీమ్ పైపుల్లో ఒకటి దొంగది," అన్నాడు చీఫ్. "అన్నిటి మీదా షెడ్యూల్ 160 అనే ఉంటుంది. ఒకటి మాత్రం షెడ్యూల్ 40. మందం సగం కూడా లేదు."

"టేపు పెట్టి కొలిస్తే?"

"బయటి కొలత రెండిటికీ ఒకటే. నంబరు పెరిగేకొద్దీ గోడ లోపలికి మందమవుతుంది. పైనుంచి చూస్తే బ్రహ్మకి కూడా తెలీదు. పదకొండింటికి ఫుల్ ప్రెషర్ ఇస్తారు, అది పేలిపోతుంది. ఇప్పుడే ప్లాంట్ ఆపితే దాన్ని పెట్టిన ముఠా తోక ముడిచి పారిపోతుంది."

డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏజెంట్‌ని కొలబద్ద అంటారు. పైపుల గది గోడకు అవతల క్యాంటీన్ ఉందనీ, పదకొండింటికి అక్కడ టీ తాగే అరవై మందిలో ఫిట్టర్‌గా పనిచేసే తన సొంత బావ ఒకడనీ అతను చీఫ్‌కు చెప్పలేదు. చెబితే ఇంకొకరిని పంపుతారు.

ఇన్‌స్పెక్టర్ వేషంలో గదిలోకి వెళ్ళేసరికి నల్ల కళ్ళద్దాల సుందరి ఎదురైంది. ఆరేళ్ళుగా మన మనిషి.

"వాల్వ్ కారుతోందా?" కోడ్ అడిగాడు.

"లేదు, చెమట పడుతోంది," అంది. "గేజ్ ఇటివ్వండి, నేను పట్టుకుంటా."

పెన్నులా ఉండే ఆ గేజ్‌ని పైపుకు ఆనిస్తే చాలు, మందం చెబుతుంది. ఇచ్చాడు. మరుక్షణం ఆమె బయట ఉంది, ఇనుప తలుపు మూసుకుంది. నమ్మి నట్టేట మునగడమంటే ఇదే.

"పదకొండుకి నాలుగు నిమిషాలున్నాయి," తలుపు జాలీలోంచి చల్లగా అంది. "ఒక్క వాల్వ్ మూయగలరేమో. ఏదో మీరే చూసుకోండి."

ఫోన్ తీగ తెగి ఉంది. గోడను గుద్దాడు. ఆవిరి హోరులో తన గుద్దు తనకే వినిపించలేదు. ఇన్‌స్పెక్షన్ కోసం కవచం విప్పిన పైపులు నాలుగూ ఒకే రంగు, ఒకే ముద్ర. అతనికి భయం వేసింది. చచ్చిపోతానని కాదు. అక్కకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్నదే అతని భయం, చెప్పడానికి తానూ మిగలడన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. పైపులన్నీ స్ప్రింగ్ హ్యాంగర్ల మీద వేలాడుతున్నాయి. బరువు ఎక్కువైతే హ్యాంగర్ మీది ముల్లు కిందికి దిగుతుంది, తగ్గితే పైకి లేస్తుంది. మూడు ముళ్ళు ఒకే గీత మీద ఉన్నాయి. మూడో పైపు ముల్లు మాత్రం రెండు గీతలు పైన నిలిచింది. పల్చటి పైపు తేలిక మరి. ముద్ర మార్చారు, రంగు మార్చారు, స్ప్రింగ్ సరిచేయడం మరిచారు.

మూడో వాల్వ్ చక్రం పట్టుకున్నాడు. అరచేతులు కాలాయి. నలభై చుట్లు. ముప్ఫై తొమ్మిదో చుట్టులో మిగతా మూడు పైపుల ప్రెషర్ మీటర్ల ముళ్ళు ఒక్కసారి ఎగిరాయి. మూడోది కదలలేదు.

ఒక లైనులో ఆవిరి రాకపోవడంతో ప్లాంట్ దానంతటదే ఆగింది. హోరు తగ్గింది. ఈసారి గోడను గుద్దితే అవతల ఎవరో మాట్లాడారు.

"ఎవరది లోపల?"

"నేనే బావా. గేటు దగ్గర నల్ల కళ్ళద్దాలావిడని ఆపించు, ముందు అది చెయ్."

ఆమెను ఆపారు. తర్వాత తలుపు అవతల ఇనుము కోసే గ్రైండర్ మోగింది, చాలాసేపు మోగింది, ఆగింది.

"ఇంకెంతసేపు బావా?"

"ఆగరా బామ్మర్దీ," అన్నాడు బావ రొప్పుతూ. "ఈ ప్లాంటులో సరైన మందంలో ఉన్నది ఈ తలుపొక్కటే."