మూడో కాపీ

ఉదయం తొమ్మిదీ పదికి, కొత్తగూడ ఫ్లైఓవర్ కింద, ఇడ్లీ ప్లేటు చేతిలో ఉండగానే తిరుపతి చనిపోయాడు. బైకు మీద వచ్చిన ఇద్దరూ హెల్మెట్లు తీయలేదు. రెండు గుళ్ళు పేల్చి కొండాపూర్ వైపు వెళ్ళిపోయారు.

తిరుపతి లారీ డ్రైవర్. రసాయనాల డ్రమ్ముల మాటున పేలుడు పదార్థాలు తరలించే ఒక విదేశీ ముఠా గుట్టు ప్రభుత్వానికి చెప్పాడు. అందుకని అతనికి కొత్త పేరు పెట్టి కొత్త ఇంట్లో ఉంచారు. ఆ ఇంటి చిరునామా ఒకే ఒక్క మెయిల్‌లో ఉంది.

పదకొండింటికి గూఢచారి విభాగం అధిపతి జయలక్ష్మి ఏజెంట్ ఉదయ్ భాస్కర్‌ను పిలిపించింది. బల్ల మీద ఫొటో ఉంది. చట్నీలో రక్తం. ఉదయ్ చూపు తిప్పుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. చంపేవాళ్ళ కన్నా, చావవలసినవాడి అడ్రసు అందించేవాళ్ళను చూస్తే అతనికి ఎక్కువ రోత.

ఆమె రెండు నిమిషాల్లో విషయం చెప్పింది. విభాగం మెయిళ్ళన్నీ హైటెక్ సిటీలో నీలగగన్ సిస్టమ్స్ అనే కంపెనీ సర్వర్‌లో ఉంటాయి. బయటినుంచి ఎవరూ చొరబడిన జాడ లేదు. వింత ఒక్కటే. ఆ సర్వర్ ప్రతి మెయిల్‌నూ ముందు చిన్న చిన్న లాగ్ ఫైళ్ళలో రాసుకుంటుంది. బ్యాకప్ అయ్యాక వాటిని తనే చెరిపేస్తుంది. పదకొండు రోజులుగా బ్యాకప్ సక్సెస్ అనే వస్తోంది, లాగ్‌లు మాత్రం చెరగడం లేదు. డిస్క్ నిండిపోతోంది.

అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. తిరుపతి పోయాడన్న కంగారులో ఒక అధికారి మిగతా నలభై ఒక్క సాక్షుల కుటుంబాలనూ కొత్త ఇళ్ళకు మార్చమని, ఆ చిరునామాలన్నీ ఒకే మెయిల్‌లో పంపేశాడు. జయలక్ష్మి ఆపేలోపే అది వెళ్ళిపోయింది. కుటుంబాలు అప్పటికే బయల్దేరాయి, వాళ్ళను మళ్ళీ వేరేచోటికి మార్చాలంటే రాత్రి దాకా పడుతుంది.

"అక్కడ మన మనిషి ఒకరున్నారు. సంయుక్త, సర్వర్ల హెడ్. నువ్వు బ్యాకప్ ఇంజనీరువి. లిఫ్టు దగ్గర సెక్యూరిటీ వేషంలో మనవాళ్ళిద్దరుంటారు. వెళ్ళు," అంది.

కళ్ళజోడు, మెడలో ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్ సంచి. ఆ వేషంలో ఉదయ్ ఒంటిగంటకల్లా ఆరో అంతస్తులో కాఫీ మెషీన్ దగ్గర నిలబడ్డాడు. పక్కకు వచ్చిన ఆవిడను చూసి నలుగురు కుర్రాళ్ళు మాటలు ఆపేశారు. నెమలికంఠం రంగు పట్టుచీర, ఖరీదైన సెంటు.

"ఇక్కడ చక్కెర లేని కాఫీ దొరుకుతుందాండీ?" అన్నాడు ఉదయ్.

"దొరుకుతుంది, చేదు మీరే తెచ్చుకోవాలి," అంది సంయుక్త. కోడ్ కలిసింది.

సర్వర్ గదిలో ఎవరో తిని వదిలేసిన బిర్యానీ డబ్బా పులిసి కంపు కొడుతోంది. నీలమ్మ అనే పనిమనిషి నేల తుడుస్తోంది. సంయుక్త ఆమె వైపు చూడనైనా చూడలేదు. తప్పంతా బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌దేనని, అది తీసి మళ్ళీ వేస్తే సరిపోతుందని చెప్పింది. ఉదయ్ నమ్మాడు. రెండు గంటలు పోయాయి. బ్యాకప్ మళ్ళీ సక్సెస్ అంది. ఒక్క లాగ్ కూడా చెరగలేదు.

అప్పుడు అతనికి ఆ సర్వర్ పాత నియమం గుర్తొచ్చింది. మెయిల్ డేటాకు ఎన్ని కాపీలుంటే అన్నిటికీ లాగ్ అందాలి. ఒక్కదానికి అందకపోయినా అది చెరగదు. లిస్టులో ఉన్న కాపీలు రెండే, రెండిటికీ అన్నీ అందాయి. అంటే లిస్టులో లేని మూడోది ఎక్కడో ఉంది.

ఉదయ్ తాళాల గుత్తిలోంచి వేలెడంత డ్రైవ్ తీసి సర్వర్‌కు పెట్టాడు. దాచిన ఎంట్రీలను బయటపెట్టే విభాగం పరికరం అది. మూడో కాపీ తెర మీదికొచ్చింది. జీడిమెట్లలో మూతపడ్డ ఒక రసాయనాల షెడ్డు. అక్కడి లైను స్లో కావడంతో లాగ్‌లు క్యూలో నిలిచిపోయాయి. నలభై ఒక్క చిరునామాలున్న లాగ్ ఇంకా చేరలేదు. దాని ముందున్నవి ఇరవై. నాలుగు సెకన్లకొకటి వెళ్తోంది.

కాపీని తీసేయబోయాడు. కీబోర్డు లాక్ అయిపోయింది. వెనక్కి తిరిగితే సంయుక్త తలుపుకు ఆనుకుని ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఒకడు పోతేనే కదా, మీరు అందరినీ కదిపి లిస్టు రాసేది," అంది. "సర్వర్ ఆపినా లాభం లేదు. పైఅంతస్తులో దాని జోడీ పని అందుకుంటుంది. షెడ్డుకెళ్ళే వైరు ఈ గదిలోని మూడు వందల్లో ఒకటి. వెతుక్కోండి."

తిరుపతిని చంపింది అతను చెప్పిన సాక్ష్యానికి కాదు, ఒక మెయిల్ కోసం. ఉదయ్‌తో ఇందాక కాఫీ తాగిన మనిషి ఈమె. నోట్లో ఆ రుచి ఇంకా ఉంది.

మూలనుంచి నీలమ్మ గొంతు వినిపించింది. "సార్, పది పన్నెండు దినాల కింద ఈ మేడమే ఒక పచ్చ వైరు పెట్టింది. జర ముట్టకు అని నా మీద గరమైంది."

సంయుక్త ముఖంలో రంగు మారింది. ఉదయ్ సర్వర్లు పేర్చిన రాక్ వెనక్కి దూరాడు. కొత్త ఆకుపచ్చ వైరు కనిపించింది. లాగేశాడు. తెర మీద ఏడు. ఆరు. క్యూ ఆగలేదు.

"అది కాదు సార్. గా వైరు ఆకుపచ్చ," అంది నీలమ్మ. "పచ్చది అంటున్న. పసుపు లెక్క ఉంటది."

ఉదయ్‌ది కాకినాడ. పచ్చ అంటే ఆకు రంగేనని పుట్టినప్పటినుంచీ అనుకుంటున్నాడు. మూడు. కింద వరసలో దుమ్ము పట్టని పసుపు వైరు. క్లిప్పు ఊడలేదు. రెండు. గోరు విరిగింది. వైరు చేతిలోకొచ్చింది.

తెర మీద ఒకటి అని ఉండి, అలాగే నిలబడిపోయింది.

సంయుక్త తలుపు తీసుకుని పరుగెత్తింది. ఉదయ్ కేక విని, లిఫ్టు దగ్గర సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న విభాగం మనుషులిద్దరు ఆమెను పట్టుకున్నారు. ఉదయ్ ఫోన్ చేసిన పావుగంటలో జీడిమెట్ల షెడ్డులో ఐదుగురు దొరికారు, హెల్మెట్లవాళ్ళతో సహా. ఆమె ఫోన్‌తో కీబోర్డు లాక్ తీసి, ఉదయ్ మూడో కాపీని తీసేసి బ్యాకప్ మళ్ళీ నడిపాడు. పదకొండు రోజుల లాగ్‌లు వరసగా చెరిగిపోయాయి. అతను వాష్‌రూమ్‌కు వెళ్ళి సబ్బుతో చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. నోరు కూడా పుక్కిలించాడు.

బయటికొచ్చేసరికి కంపెనీ డైరెక్టర్ పట్టాభిరామయ్య ఎదురయ్యాడు. తన సర్వర్ హెడ్‌కు బేడీలెందుకు వేశారని అడగలేదు. చచ్చింది ఎవరని అడగలేదు.

"ఇంజనీరు గారూ, సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉందండీ. టీషర్టు సైజుల మెయిల్ అందరికీ వెళ్తుందంటారా?"

"వెళ్తుందండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్. "చదివేవాళ్ళు మాత్రం ఓ ఐదారుగురు తగ్గారు."