గద్ద మార్కు లైట్లు

వరంగల్ చౌరస్తాలో పాండురంగానికి విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉండేది. మనిషికి డబ్బుకు లోటు లేదు, నోటికి అదుపు లేదు. ఎదుటివాడి చెప్పులు చూసో, చేతి గడియారం చూసో "డూప్లికేటా?" అని అడగనిదే మాట మొదలుపెట్టేవాడు కాదు. అతని లెక్కలో లోకంలో రెండే జాతులు. కంపెనీ సామాను కొనేవాళ్ళు, కొనలేక సాకులు చెప్పేవాళ్ళు.

ఎనభై మూడులో మిలిటరీ వేలంలో ఒక పాత జీపు పాడుకున్నాడు. దానికి రంగు వేయించి, సికింద్రాబాద్ దాకా పోయి గద్ద మార్కు లైట్లు తెచ్చి బంపరు మీద బిగించాడు. అడవి బాటల్లో, బురదలో నడిపే బండ్లకు పెట్టే లైట్లవి. ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత ఉంది. అద్దం మీద రెక్కలు చాపిన గద్ద. దుకాణం ముందు బండి నిలిపి, పట్టపగలు స్విచ్చి వేసి, దారిన పోయేవాళ్ళు కళ్ళు మూసుకుంటే చూసి సంతోషపడేవాడు. అంతకు మించిన సంతోషం ఆ మనిషికి తెలిసినట్టు లేదు.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. లైట్లు కంపెనీవే గానీ బ్యాటరీ పాత ఇనుప సామాన్ల కొట్టులో కొన్నది. తుడిచి, మీద కొత్త పేరు అంటించి అమ్మారు. బానెట్ కింద ఉన్నది ఎవడు చూస్తాడు? చూసేవాడు లేని చోట పాండురంగం కంపెనీ పట్టింపు పెట్టుకునేవాడు కాదు. ఇస్త్రీ చొక్కా లోపల అతని బనీను ఎప్పుడూ చిరుగులే.

ఆ డిసెంబరులో అతని బామ్మర్ది మల్లికార్జున్ కొడుకుకు పేరు పెట్టే పండుగ వచ్చింది. మల్లికార్జున్‌ది పాలంపేట, పాత చెరువు కట్ట కింది ఊరు. అక్కణ్ణుంచి ములుగుకు జీపులో జనాన్ని తిప్పి బతుకుతాడు. పాండురంగం భార్య రాజేశ్వరిని, ఐదేళ్ళ కూతురు పద్మను ఎక్కించుకుని పొద్దున్నే పోయాడు. కడుపునిండా తిని, ఆకు నములుతూ బామ్మర్ది జీపు చుట్టూ తిరిగాడు. దాని ముందు రెండు పల్చని రేకు లైట్లు ఉన్నాయి. అద్దాల మీద గద్ద అచ్చు సరిగా పడలేదు.

"మల్లికార్జున్, ఇది గద్దనా, కోడిపెట్టనా?" అని నలుగురికీ వినబడేలా అడిగాడు.

చుట్టాలు నవ్వారు. మల్లికార్జున్ కూడా నవ్వడానికి చూశాడు. "కోడిపెట్టనే అనుకో బావా. తొవ్వ కనవడ్తె సాలు."

"దానికన్న ఆముదం దీపం పెట్టుకొని నడుపరాదు?"

మల్లికార్జున్ ముఖం మాడిపోయింది. అయినా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "బావా, జంగాలపల్లి దాటేదాక నీ పెద్ద లైట్లు ఏయకు. ఈ తొవ్వల ఎవ్వలం ఏయం. పైసలున్నోళ్ళు గూడ గిసొంటియే పెట్టిస్తరు."

"ఎందుకట?"

"దూరం సూడొద్దంటరు. చెరువు తవ్వినోళ్ళు ఆడ ఇంక మట్టి మోస్తనే ఉన్నరట. మా నాయిన ఏయొద్దన్నడు, నేను ఏస్తలేను."

"కొన చేతగాక కతలు జెప్తానవ్."

"సరే, కతనే అనుకో. నీ బ్యాటరీ అయితే అంత లైటు మొయ్యది బావా. ఇందాక బానెట్ ఎత్తి నీళ్ళు పోసిన గద, సూసిన. పాతది."

ఈ మాట మాత్రం నలుగురికీ వినబడింది. పాండురంగానికి ఒళ్ళు మండిపోయింది. ఇంకో పూట ఉండి పోదామన్న భార్య మాట వినలేదు. పొద్దు గూకుతుండగానే ఆమెను, పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి బండి తీశాడు. మల్లికార్జున్ వెనకనుంచి ఏదో కేకేస్తున్నా ఆగలేదు.

ఊరు దాటేసరికి చీకటి పడింది. కోసిన పొలాల్లోంచి తడిసిన గడ్డి వాసన వస్తోంది. తర్వాత పొలాలు అయిపోయి, రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. మంచు ఆకుల మీద పడి టప్ టప్‌మని కిందికి జారుతోంది. పద్మ తల్లి ఒడిలో కునుకు తీస్తోంది.

"మీ తమ్ముడు నాకు బుద్ధి చెప్తాండు. కోడిపెట్ట లైట్లోడు." పాండురంగం మూతి విరిచి స్విచ్చి నొక్కాడు.

అడవి తెల్లబడింది. ఆకు ఆకూ, రాయి రాయీ కనబడ్డాయి. దారి ఫర్లాంగు దూరం తెల్లగా పరుచుకుంది. పాండురంగం గర్వంగా భార్య వైపు చూశాడు. ఆమె దారి చివరికి చూస్తోంది.

వెలుగు ఆగిపోయే చోట మనుషులు నడుస్తున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒకరి వెనక ఒకరు. అందరి వీపులూ ఇటే. నెత్తిన సుట్టబట్ట, అదే బరువు మోసేవాళ్ళు పెట్టుకునే గుడ్డ చుట్ట. దాని మీద మట్టి తట్ట. తట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కూలోళ్ళు," అన్నాడు పాండురంగం ఈసడింపుగా, హారన్ కొడుతూ. "మధ్యల నడుస్తాండ్రు, వీళ్ళ తొవ్వ అయినట్టు."

ఒక్కరూ పక్కకు జరగలేదు. అతను వేగం పెంచాడు. బండి ఉరుకుతోంది, వాళ్ళు నింపాదిగానే నడుస్తున్నారు. మధ్య దూరం మాత్రం తగ్గడం లేదు. అప్పుడే తవ్విన చెరువు మట్టి వాసన గుప్పున జీపులోకి వచ్చింది.

"లైట్లు బందు చెయ్యుండ్రి," అంది రాజేశ్వరి గుసగుసగా.

"కూలోళ్ళకు భయపడ్తవా?"

అప్పుడు ఆ వరస ఆగింది. అందరూ ఒక్కసారే ఇటు తిరిగారు. తట్టలు కదల్లేదు, మెడలు వంగలేదు. అంత దూరంలో ముఖాలు తెలియడం లేదు. ఇటు చూస్తున్నారని మాత్రం తెలుస్తోంది.

పాండురంగం చెయ్యి దానంతటదే పోయి స్విచ్చి ఆపింది. జీపు మామూలు లైట్లు మిగిలాయి. వాటి వెలుగు ఎంత దూరం పడుతుందో అంత దూరంలో... వాళ్ళు నిలబడి ఉన్నారు. ఇందాకటికన్నా ఎంతో దగ్గర.

మళ్ళీ స్విచ్చి వేశాడు. దూరంగా పోయారు. ఆపాడు. దగ్గరికొచ్చారు. వెలుగు ఎక్కడ తెగిపోతే అక్కడే వాళ్ళు.

ఇక ఆపలేదు. పళ్ళు బిగబట్టి బండి నడిపాడు. గద్ద మార్కు లైట్లు, సికింద్రాబాద్ లైట్లు, అవి ఉన్నంతసేపు తన దగ్గరికి ఎవడూ రాలేడని తనకు తానే చెప్పుకున్నాడు. అంతలో తెల్లని వెలుగు కొంచెం పచ్చబడింది.

అతనికి అర్థమైంది. బ్యాటరీ.

వెలుగు పసుపు రంగుకు దిగింది. వాళ్ళు ఇంత ముందుకొచ్చారు. ఎర్రబడింది. ఇంకింత. ఇంజిను దగ్గింది, ఎగిరెగిరి పడింది, ఆగిపోయింది. మట్టి నీళ్ళు రోడ్డు మీద కారే చప్పుడు వినబడుతోంది... టప్... టప్... మంచు చప్పుడు కాదు.

పద్మ లేచి కూర్చుంది. "బాపూ... ఆ అవ్వ నన్ను రమ్మంటాంది."

రాజేశ్వరి కొంగు తీసి పిల్ల ముఖం మీద కప్పి గట్టిగా పట్టుకుంది. లైట్లు ఆరిపోయాయి.

చీకటి. వాసన. ఎవరో బానెట్ మీద ఏదో దించారు. జీపు ముందు భాగం కిర్రుమంటూ కిందికి కుంగింది. ఇంకొకటి దించారు. ఇంకా కుంగింది.

వెనక ఇంజిను చప్పుడయింది. రెండు గుడ్డి లైట్లు ఊగుతూ వచ్చాయి. కోడిపెట్ట లైట్లు. వాటి వెలుగులో దారి ఖాళీగా కనబడింది. బ్యాటరీ దారిలో చస్తుందని తెలిసి మల్లికార్జున్ వెంట వచ్చాడు. దిగి, తాడు కట్టి, ఒక్క మాట అనకుండా ములుగు దాకా లాక్కుపోయాడు. పాండురంగం దారంతా తల ఎత్తలేదు. బామ్మర్ది ఏమీ అనకపోవడమే అతన్ని ఎక్కువ మండించింది. ప్రాణం కాపాడినవాడికి కనీసం చల్లగా ఉండమని కూడా చెప్పలేదు, అలాంటి మనిషి.

ములుగులో చూస్తే బానెట్ మీద రెండు చోట్ల తడి మట్టి గుండ్రంగా అంటి ఉంది.

వరంగల్ వచ్చాక ఇంట్లో ఒక్క బల్బు ఆర్పనివ్వలేదు. ఈసారి అసలు కంపెనీ బ్యాటరీ కొన్నాడు. గద్ద లైట్లు జీపు నుంచి ఊడదీసి వాకిట్లో గోడకు, వీధి వైపు బిగించి ఆ బ్యాటరీకి కలిపాడు. పక్కింటి సత్యనారాయణ "పెండ్లా ఏంది సేటూ?" అని నవ్వాడు. పాండురంగం మరలు ఇంకాస్త బిగించాడు. ఎప్పుడూ ఇతరుల మీద పడే నవ్వు తన మీద పడితే ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది.

నాలుగు రోజులకు సాయంత్రం పూట కరెంటు పోయింది. వాడకట్టంతా చీకటి. పాండురంగం ఉరికి స్విచ్చి నొక్కాడు. వీధి చివరి దాకా పగలయింది. ఆ చివర, మలుపు దగ్గర, తట్టలు నెత్తిన పెట్టుకుని వాళ్ళు నిలబడి ఉన్నారు. దూరంగా. చాలా దూరంగా.

వెలుగు తగ్గలేదు. పచ్చబడలేదు. పాండురంగం ఆ రాత్రి తర్వాత మొదటిసారి నవ్వాడు.

"రండ్రి, సూస్త. ఇది డూప్లికేట్ కాదు," అన్నాడు.

వెనకనుంచి మట్టి వాసన వచ్చింది.

లైట్లు రెండూ వీధి వైపే తిరిగి ఉన్నాయి. వాటి వెనక ఇల్లు కటిక చీకటి. ఆ చీకట్లోంచి గడప దాటి పద్మ వచ్చింది. మెడ నిటారుగా పెట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తోంది. నెత్తిన ఒక సుట్టబట్ట ఉంది, పిల్ల తలకు సరిపోయేంత చిన్నది. అది పద్మ పాత లంగా చింపి చుట్టిందే.

"బాపూ... జర దించవా. మస్తు బరువున్నది."

"ఎవలు పెట్టిండ్రు బిడ్డా?"

పద్మ మెడ కదపకుండా కళ్ళు మాత్రం వీధి చివరికి తిప్పింది.

పాండురంగం ఆమె నెత్తి మీద గాలిలో చేతులాడించాడు. ఏమీ తగల్లేదు. సుట్టబట్ట మాత్రం బరువు కింద నలిగినట్టు అప్పడంలా అణగిపోయి ఉంది. రెండు చేతులా పట్టుకుని లాగాడు. బలమంతా పెట్టి లాగాడు. అది కదల్లేదు. పైనుంచి ఒక మట్టి చుక్క అతని మణికట్టు మీద పడింది.